వలసపోయిన ఇళ్లలో మిగిలిన పిల్లలు

(సీతమ్మధారలో జరిగిన మన సంక్షేమ సంఘం వార్షిక సమావేశమున విద్యా ఉపసంఘం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సమావేశంలో విద్యా ఉపసంఘం తరఫున రెండు మాటలు చెప్పడం ఆనవాయితీ. ఎందరికి ఫీజులు కట్టాము, ఎన్ని నోటు పుస్తకాలు పంచాము, ఎవరెవరు విరాళాలిచ్చారు అన్న లెక్కలన్నీ కార్యదర్శి గారు తమ నివేదికలో చదివే ఉన్నారు. కాబట్టి ఆ లెక్కల జోలికి మేము పోము. ఈసారి మేము చేసిన పని గురించి గాక, చేయవలసి ఉండీ చేయని ఒక పని గురించి మీకు మనవి చేసుకోదలిచాము. పండగ లాంటి రోజున ఇటువంటి మాటలు ఎందుకని కొందరు అనుకోవచ్చు. అయితే తప్పు ఒప్పుకోవడానికి నలుగురూ కూడిన రోజు కంటే మంచి రోజు ఏముంటుంది?

గత ఏడాది నోటు పుస్తకాల పంపిణీ నాడు జరిగిన సంగతి ఇది. మేము బల్లలు వేసుకుని, పేర్ల జాబితా ముందు పెట్టుకుని, వరుసలో వచ్చిన పిల్లలకు పుస్తకాలిస్తున్నాము. వరుస చివర పదేళ్ల పిల్ల ఒకతె, చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని నిలబడింది. తలకు నూనె లేదు, కాళ్ల నిండా సిమెంటు దుమ్ము. "ఏ బడిలో చదువుతున్నావమ్మా?" అని అడిగాము. "మా ఊళ్లో నాలుగో తరగతి దాకా సదివేనండి. ఇక్కడ బడి లేదండి" అన్నది. మీ అమ్మ ఎక్కడ అంటే, వెనక సందులో కడుతున్న మేడ వైపు చెయ్యి చూపించింది. స్టడీ సర్టిఫికెట్టు ఉన్నదా అని అడిగాము. అదేమిటో ఆ పిల్లకు తెలియదు. "సర్టిఫికెట్టు తీసుకురా తల్లీ, ఇస్తాము" అని మంచి మాటతోనే చెప్పి, పక్కనున్న పిల్లవాడిని పిలిచాము. ఆ పిల్ల కాసేపు పుస్తకాల కట్టల వంక చూసి, తమ్ముణ్ణి ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుని వెళ్లిపోయింది.

ఆ రోజున మాకు అందులో తప్పేమీ కనబడలేదు. నిబంధన ఉంది, నిబంధన ప్రకారం నడిచాము. పదిహేను రోజుల తర్వాత మా మహిళా సభ్యురాలు ఒకరు, "ఆ చంకలో పిల్లాడున్న పిల్లకు చివరికి పుస్తకాలు ఇచ్చారా?" అని అడిగారు. ఆమెకు ఆ పిల్ల ముఖం గుర్తుండిపోయిందట. అప్పుడు బయల్దేరి వెనక సందులోకి పోయి చూస్తే, ఆ మేడకు శ్లాబు పడిపోయింది. రేకుల పాక విప్పేశారు. కాపలా ముసలాయన, "శ్లాబు అయిపోనాది బాబూ, ఆళ్లు ఎల్లిపోనారు. మధురవాడో, మద్రాసో, ఏటో మరి" అన్నాడు. పేరు చెప్పి వెతుకుదామంటే, ఆ పిల్ల పేరు గూడా మేము రాసుకోలేదు.

అయ్యా, ఇదీ సంగతి. ఆ పిల్ల ఏ మతం, ఏ కులం అన్నది మేము అడగలేదు, అడగవలసిన పనీ లేదు. మన పేటలో ఉన్న బిడ్డ, మన గుమ్మం దాకా వచ్చిన బిడ్డ, వట్టి చేతులతో తిరిగిపోయింది. ఆనాటి నుంచి మేము ఈ వలస కుటుంబాల పిల్లల సంగతి తెలుసుకునే ప్రయత్నం చేశాము. తెలుసుకున్నదంతా మీ ముందు పెడతాము.

అసలు వలస మన ప్రాంతానికి కొత్తది కాదు. మన చుట్టూ ఉన్న ఊళ్ల పేర్లు చూడండి. ఆమదాలవలస, తగరపువలస, చింతలవలస. ఊరి పేర్లలోనే వలస ఉన్నది. ఒకచోట బతుకు సాగని జనం మరొకచోటికి పోయి గుడిసె వేసుకోవడం ఈ నేలకు తరతరాలుగా తెలిసిన విద్య. మన తాతల కాలంలో ఉత్తర కోస్తా జనం ఓడలెక్కి రంగూన్‌కు పోయారు. అక్కడ రేవుల్లోను, మిల్లుల్లోను పని చేశారు. 1942లో బర్మా మీదికి యుద్ధం వచ్చినప్పుడు ఎందరో కాలినడకన, అడవుల వెంబడి, పిల్లలను భుజాన వేసుకుని తిరిగి వచ్చారు. ఆ తర్వాత జనం విశాఖకు వచ్చారు. 1933లో ఓడరేవు తెరిచారు, 1941లో ఓడల కర్మాగారానికి పునాది పడింది, 1971లో ఇందిరాగాంధీ గారు ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు, 1992లో పి.వి. నరసింహారావు గారు దానిని జాతికి అంకితం చేశారు. ఈ ఒక్కొక్క దానితోనూ ఇన్ని వేల కుటుంబాలు మూటా ముల్లె సర్దుకుని వచ్చాయి. ఈ హాలులో కూర్చున్న మనలో ఎంతమందికి విశాఖ స్వంత ఊరు? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కాబట్టి వలస పోయినవాడిని చూసి "పిల్లలను పట్టించుకోకుండా పోయాడు" అని అనడానికి మనకు నోరు రాకూడదు. పొలంలో పంట లేనప్పుడు, ఊళ్లో కూలి దొరకనప్పుడు, అప్పు నెత్తి మీద కూర్చున్నప్పుడు, పిల్లల కోసమే తల్లిదండ్రులు బయల్దేరతారు. పిల్లల కోసం పోయిన ఆ పోక వల్లనే పిల్లలు నష్టపోతున్నారు. చిక్కంతా అక్కడే ఉన్నది.

ఈ పిల్లలు రెండు రకాలు. ఊళ్లో వదిలేసిన వాళ్లు ఒక రకం, వెంట తెచ్చుకున్న వాళ్లు మరొక రకం. ఇద్దరి కష్టం ఒకటి కాదు, కాబట్టి విడివిడిగా చెబుతాము.

శ్రీకాకుళం జిల్లా తీరాన్ని తీసుకోండి. అక్కడి మత్స్యకారులు మన సముద్రం విడిచి, ఎక్కడో గుజరాతు రాష్ట్రంలోని వేరావల్ రేవుకు పోయి, అక్కడి బోట్ల మీద నెలల తరబడి వేటాడతారు. 2018 నవంబరులో అట్లా పోయినవారిలో కొందరు సరిహద్దు దాటారని పాకిస్తాన్ వారు పట్టుకుపోయారు. 2020 జనవరిలో వారిలో 20 మంది వాఘా సరిహద్దు మీదుగా తిరిగి వచ్చారు. ఏడాది పైన తండ్రి ఏమయ్యాడో తెలియక ఆ ఇళ్లలో పిల్లలు ఎట్లా నిద్రపోయారో ఊహించుకోండి. మరి మద్రాసు వైపు భవనాల పనికి పోయేవారి సంగతి. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతున్న పెద్ద మేడ కూలిపోయి 61 మంది చనిపోయారు. వారిలో పలువురు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు. వాళ్ల పిల్లలు కొందరు ఆ పూట ఇక్కడ పల్లెల్లో అమ్మమ్మల దగ్గర ఉన్నారు.

ఇవి పెద్ద ప్రమాదాలు గనుక పత్రికల్లో వచ్చాయి. పత్రికల్లో రానివి రోజూ జరిగేవి. ముసలమ్మకు కళ్లు కనబడవు, పిల్లవాడికి జ్వరం ఏ పాటి ఉందో చెయ్యి పెట్టి చూడడమే గాని ఆసుపత్రికి తీసుకుపోలేదు. బడి నుంచి చీటీ వస్తే చదివి చెప్పేవాళ్లుండరు. ఆడపిల్ల ఉంటే ఆమే ఇంటికి తల్లి. వంట, నీళ్లు, తమ్ముళ్లు, చెల్లెళ్లు, ఆ పైన బడి. మొదట వారంలో ఒకరోజు మానుతుంది, తర్వాత రెండు రోజులు, ఆ తర్వాత బడే మానుతుంది. పెద్దమనిషి కాగానే నాయనమ్మకు భయం పట్టుకుంటుంది. "కళ్లు మూసుకునేలోగా ఒక అయ్య చేతిలో పెడితే నా బాధ్యత తీరిపోతుంది" అంటుంది. 18 ఏళ్లు నిండని పిల్లకు పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరమని ఆమెకు తెలిసినా, ఆమె భయం ముందు ఆ చట్టం ఎంత? ఇక్కడ ముసలిదానిని తిట్టి లాభం లేదు. ఆమె భయం తీర్చే మనిషి ఊళ్లో ఒకరు ఉంటే ఆ పెళ్లి ఆగుతుంది. మేము తెలుసుకున్న ముఖ్యమైన విషయాల్లో ఇది ఒకటి.

ఇక మన ఇళ్ల మాట. ఇదేదో పరాయివాళ్ల కష్టమని మనం అనుకోకూడదు. కడప, రాయచోటి ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల్లోని కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి కువైట్‌కు, ఇతర గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి పోయిన స్త్రీలు వేలమంది. వారిలో మన ఆడపడుచులు చాలామంది. ఇంటిపనికి పోయే స్త్రీకి 30 ఏళ్లు నిండి ఉండాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఆమె క్షేమం కోసమే పెట్టారు, మంచిదే. కాని ఒక్కమాటు ఆలోచించండి. మన పల్లెల్లో 30 ఏళ్లు నిండిన స్త్రీ అంటే ఎవరు? బడికి పోయే ఈడు పిల్లలు ఇద్దరు ముగ్గురున్న తల్లి. అంటే, పిల్లలకు తల్లి బాగా కావలసిన ఏళ్లలోనే ఆమె విమానం ఎక్కుతున్నది. అక్కడ ఎవరి పిల్లలకో తలదువ్వి బడికి పంపుతుంది. ఇక్కడ తన పిల్లల తల నానీ దువ్వుతుంది.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు సుమారు 1 లక్ష 70 వేల మంది మనవాళ్లను విమానాల మీద స్వదేశానికి చేర్చారు. ఆనాడు ఆ దేశంలో మనవాళ్లు అంతమంది ఉన్నారని చాలామందికి అప్పుడే తెలిసింది. వచ్చినవాళ్లలో ఎందరో, యుద్ధం అయిపోగానే మళ్లీ పోయారు. పిల్లలను వదిలి రెండోసారి పోవడం మొదటిసారి కంటే కష్టం. మొదటిసారి పిల్లలకు తెలియదు, రెండోసారి తెలుసు.

మన సభ్యుల బంధువుల ఇళ్లలో మేము చూసిన దృశ్యం ఒకటి చెబుతాము. నాలుగేళ్లకు సెలవు మీద వచ్చిన తల్లి పెట్టె తెరిచి, బొమ్మలు, బట్టలు, ఖర్జూరాలు పరుస్తుంటే, ఆరేళ్ల కొడుకు నానీ చాటుకు పోయి దాక్కున్నాడు. "మీ అమ్మీరా, దగ్గరికి పో" అంటే, "అమ్మీ ఫోనులో ఉంటుంది" అన్నాడు. అందరూ నవ్వారు. తల్లి నవ్వలేదు. ఇటువంటి ఇంట్లో తిండికి లోటు ఉండదు, బట్టకు లోటు ఉండదు. లోటు ఎక్కడుందో చెప్పడానికి పిల్లవాడికి మాటలు రావు. క్లాసులో మొండితనంగానో, రాత్రి పక్క తడపడంగానో అది బయటపడుతుంది. మాస్టారు దానిని అల్లరి అని కొడతారు.

ఇది ఒక్క మన దేశపు సంగతి గూడా కాదు. చైనాలో పట్నాలకు పోయిన కూలీల వెనక పల్లెల్లో మిగిలిన పిల్లలు 6 కోట్ల పైచిలుకు అని 2013లో అక్కడి మహిళా సమాఖ్య అంచనా వేసింది. 2015లో గుయిజౌ అనే పేద రాష్ట్రంలో తల్లిదండ్రులు లేక ఒంటరిగా బతుకుతున్న నలుగురు తోబుట్టువులు ప్రాణాలు కోల్పోయారు. దేశమంతా తలవంచుకుంది. ఆ మరుసటి ఏడాది ప్రభుత్వం, 16 ఏళ్లలోపు పిల్లలను పెద్దల తోడు లేకుండా ఒంటరిగా వదలరాదని ఉత్తర్వులిచ్చింది. అంత పెద్ద ప్రభుత్వానికి గూడా నలుగురు పిల్లలు పోయినాక గాని తెలివి రాలేదు.

ఇప్పుడు వెంట తెచ్చుకున్న పిల్లల సంగతి. మన విశాఖ చుట్టూ ఇటుక బట్టీలున్నవి. దసరా వెళ్లాక ఒరిస్సా పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు మన రాష్ట్రపు బట్టీలకు, తెలంగాణ బట్టీలకు వస్తాయి. ముందుగా అడ్వాన్సు పుచ్చుకుంటారు, వెయ్యి ఇటుకలకు ఇంత అని కూలి. వెయ్యి లెక్క గనుక ఎన్ని చేతులుంటే అంత తొందరగా అడ్వాన్సు తీరుతుంది. అందుకని పిల్లల చేతులు గూడా పనిలోకి దిగుతాయి. పచ్చి ఇటుక ఎండకు తిరగవేయడానికి తేలికైన పిల్లలైతే ఇటుక మీద అడుగు పడినా విరగదని వాళ్ల చేతనే చేయిస్తారు. బట్టీ పని వర్షాల ముందు దాకా సాగుతుంది. బడి సంవత్సరం జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. లెక్క వేసి చూడండి, బడి ఏడాదిలో పెద్ద సగం బట్టీ దగ్గరే పోయింది. ఆ పైన ఇక్కడి బడిలో తెలుగు, వాడికి వచ్చినది ఒడియా.

మన సొంత సమాజంలోనూ ఇటువంటి బతుకు లేకపోలేదు. దూదేకుల సోదరులు చలికాలం రాగానే విల్లు భుజాన వేసుకుని, ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులు, బొంతలు కుట్టి బతికిన సంగతి పెద్దలకు జ్ఞాపకమే. ఆ తిరుగుళ్లలో పిల్లలు వెంటే ఉండేవారు. అట్లా తిరిగిన ఇళ్లలో ఎవరు చదువుకున్నారో చూస్తే, ఏదో ఒక ఊళ్లో, ఎవరో ఒక మాస్టారు "వీణ్ణి నా దగ్గర వదిలిపెట్టండి" అన్నవాళ్లే చదువుకున్నారు. ఆ ఒక్క మాటకు అంత బలం ఉన్నది.

2020 మార్చిలో దేశమంతా తాళం పడినప్పుడు మనకు ఇవన్నీ కళ్లారా కనబడ్డాయి. చెన్నై వైపు నుంచి, విజయవాడ వైపు నుంచి మన జాతీయ రహదారి మీద జనం నడుచుకుంటూ పోయారు. తలల మీద మూటలు, మూటల పక్కన పిల్లలు. మనమూ ఆనాడు రోడ్డు పక్కన నిలబడి అన్నం పొట్లాలు, మజ్జిగ ఇచ్చాము. ఆ రోజుల్లోనే, తెలంగాణలో ములుగు వైపు మిర్చి తోటల్లో కాయ కోయడానికి వచ్చిన 12 ఏళ్ల బాలిక, ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకా కొంత దూరంలో ఉండగానే చనిపోయింది. ఆ వార్త చదివి మనం అయ్యో అనుకున్నాము. ఆ పిల్ల మిర్చి తోటలో ఎందుకుంది, బడిలో ఎందుకు లేదు అని అప్పుడు మనం అడగలేదు. తాళం తీయగానే మరిచిపోయాము. తాళం ఉన్నా లేకపోయినా ఆ పిల్లలు ఏటా మన రోడ్ల మీదుగానే పోతున్నారు.

చట్టాలు లేవా అంటే, ఉన్నవి. అవి తెలియకపోవడం వల్లనే మేము ఆ పిల్లను తిప్పి పంపాము, కాబట్టి మీకు వివరంగా చెబుతాము. దయచేసి జ్ఞాపకం పెట్టుకోండి.

ఒకటి. 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యా హక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల లోపు ఏ బిడ్డ అయినా దగ్గరలోని ప్రభుత్వ బడిలో చేరవచ్చు. టీ.సీ. రాలేదని చేర్చుకోవడం ఆలస్యం చేయకూడదు. పుట్టినతేదీ కాగితం లేదని పంపివేయకూడదు. మధ్యలో చదువు ఆగిన బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చి, వెనకబడినది ప్రత్యేకంగా చెప్పాలి. చూశారా, సర్కారు బడి అడగకూడని కాగితం మేము ఆరు నోటు పుస్తకాల కోసం అడిగాము.

రెండు. 1975 అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడీల్లో ఆరేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు ఆహారం ఇస్తారు, టీకాలు వేయిస్తారు. వలస వచ్చిన తల్లి గూడా ఇక్కడ పేరు రాయించుకోవచ్చు. టీకాల కార్డు ఒక్కటి చేతిలో ఉంటే ఏ ఊళ్లోనైనా మిగిలిన టీకాలు వేస్తారు.

మూడు. రేషను కార్డు మీద ఊళ్లోనే బియ్యం తీసుకోవాలన్న పట్టింపు పోయింది. 2019 ఆగస్టులో మన రాష్ట్రానికి, తెలంగాణకు మధ్య మొదలైన ఏర్పాటు దేశమంతటికీ వచ్చింది. ఇక్కడ కొంత, ఊళ్లో ముసలమ్మ కొంత తీసుకునే వీలు గూడా ఉన్నది.

నాలుగు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టంలో, 50 మందికి మించి ఆడకూలీలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది, ఆయా ఉండాలని అప్పట్లో రాశారు. మంచి మాటే. కాని మన సందుల్లో కట్టే మేడల దగ్గర పట్టుమని పదిమంది ఆడవాళ్లుండరు. అందుచేత ఆ గది మన గుమ్మం దాకా ఎన్నడూ రాదు. అది రాని చోట ఇల్లు కట్టించేవాడే ఆలోచించాలి.

మరి ఇతరులు ఏం చేశారు? ఢిల్లీలో 1969లో గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం కట్టడాలు జరుగుతున్న చోట, మట్టిలో పడి ఉన్న కూలీల పసిబిడ్డలను మీరా మహదేవన్ అనే ఆవిడ చూశారు. అక్కడే ఒక గుడారం వేసి శిశు సంరక్షణ మొదలుపెట్టారు. పని ఎక్కడికి పోతే గుడారం అక్కడికి. అదే తరువాత పెద్ద సంస్థ అయింది. మన కర్నూలు జిల్లాలో ఆలూరు, ఆదోని, కోసిగి వైపు జనం మిరపకోతలకు గుంటూరు పోతారు. ఆ రోజుల్లో పిల్లల కోసం అదే ఊరి బడిలో సీజనల్ హాస్టళ్లు నడిపారు. రాత్రి అన్నం, పడక అక్కడే. పిల్లవాడికి బడి మారదు, ఊరు మారదు. రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ తరఫున శాంతా సిన్హా గారు పనిలో మగ్గే పిల్లలను శిబిరాల్లో చేర్చి, వెనకబడిన చదువు చెప్పించి, బడికి పంపారు. 2003లో ఆమెకు మెగసెసే బహుమతి వచ్చింది. వీళ్లందరూ చేసిన పని ఒక్కటే. బిడ్డను తమ నిబంధన దగ్గరికి రమ్మనలేదు, తామే బిడ్డ ఉన్న చోటికి పోయారు.

ఇంత పెద్ద పనులు మన సంఘం చేయగలదని మేము చెప్పము. మన డబ్బు ఎంతో, మన మనుషులెంతమందో మనకు తెలుసు. చేయగలిగినవి నాలుగు మాత్రం మీ ముందు పెడుతున్నాము.

మొదటిది: నోటు పుస్తకాలకు ఇకపై ఏ సర్టిఫికెట్టూ అడగము. బిడ్డ వచ్చి నిలబడడమే సర్టిఫికెట్టు. జూన్‌లో పంచేది గాక, సంక్రాంతి వెళ్లాక రెండోసారి పంచుతాము, ఎందుకంటే వలస పిల్లలు చాలామంది వచ్చేది ఆ కాలంలోనే.

రెండవది: మనలో ఎవరు ఇల్లు కట్టించినా, మేస్త్రీతో బేరం కుదుర్చుకునే రోజునే "పిల్లలెంతమంది వస్తున్నారు?" అని అడగాలి. ఇసుక, కంకర ఎన్ని లారీలని అడుగుతాము, బిడ్డలెందరని అడగడానికి ఏం కష్టం? నీడకు ఒక రేకుల గది, తాగే నీళ్లు, సున్నం గుంటకు, నీళ్ల తొట్టికి మూత. మొదటి వారంలోనే మన మహిళా సభ్యులు ఇద్దరు ఆ తల్లిని, బిడ్డలను వెంటపెట్టుకుని దగ్గరి బడికి, అంగన్‌వాడీకి తీసుకుపోయి పేర్లు రాయిస్తారు. ఆ బాధ్యత మేము తీసుకుంటాము.

మూడవది: ప్రతి వలస బిడ్డకు ఒక చిన్న పుస్తకం ఇస్తాము. అందులో బిడ్డ పేరు, పుట్టిన రోజు, సొంత ఊరు, చదివిన తరగతి, వేయించిన టీకాలు, ఊళ్లో పెద్దవాళ్ల ఫోను నంబరు ఉంటాయి. ఆపదలో ఉన్న బిడ్డ కోసం ఎవరైనా ఉచితంగా పిలవదగిన 1098 నంబరు గూడా అట్ట మీద ఉంటుంది. నీళ్లకు తడవకుండా ప్లాస్టిక్ కవరు. శ్లాబు అయిపోయి వాళ్లు మరో ఊరు పోయినా ఆ పుస్తకం వెంట పోతుంది. అక్కడి మాస్టారు దానిని చూసి తరగతి చెప్పగలడు.

నాలుగవది మన ఇళ్లకు సంబంధించినది. మన సభ్యుల కుటుంబాల్లో, వారి బంధువుల్లో, తల్లి గాని తండ్రి గాని దేశం విడిచి పోయిన ఇళ్ల జాబితా తయారు చేస్తాము. నెలకొకసారి ఒకరు ఆ ఇంటికి పోయి నానీ, దాదీలతో కాసేపు కూర్చుని రావాలి. బడిలో తల్లిదండ్రుల సమావేశానికి ఆ బిడ్డ తరఫున ఎవరో ఒకరు పోవాలి. పోయేవాళ్లు పోయేముందు, బిడ్డకు ఎవరు పెద్ద దిక్కో కాగితం మీద రాసి బడిలో ఇచ్చి పోవాలి. బయటి దేశాల్లో ఉన్నవారికి మా మనవి ఒకటి: బొమ్మలు తక్కువ పంపినా పరవాలేదు, ఫోను మాత్రం ఒకే వేళకు చేయండి. ఫలానా వేళకు అమ్మ మాట వినబడుతుందని తెలిసిన బిడ్డ ఆ వేళ కోసం నిబ్బరంగా ఉంటాడు.

ఈ మాటలు కమిటీలో అనుకున్నప్పుడు రెండు ప్రశ్నలు వచ్చాయి. "మన పిల్లలకే చాలడం లేదు, ఊళ్లోవాళ్లందరికీ ఎక్కడ తెస్తాము?" అన్నారొకరు. న్యాయమైన ప్రశ్నే. జకాత్ పుచ్చుకోదగిన ఎనిమిది వర్గాల్లో బాటసారి గూడా ఒకడని మన పెద్దలకు నేను కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ లెక్కలు ఎట్లా చూడాలో ఆలిములను అడిగి నడుచుకుందాము. మిగతాది సాధారణ విరాళాల నుంచి చేద్దాము. రెండో ప్రశ్న ఇంకా గట్టిది. "వాళ్లు ఇవాళ ఉండి రేపు పోయేవాళ్లు. మనం చేసింది నిలుస్తుందా?" అన్నారు. దీనికి మా జవాబు ఇది. ఎండాకాలంలో మన పేటలో చలివేంద్రం పెడతాము. నీళ్లు తాగినవాడు ఆగడు, పోతాడు. వాడు మళ్లీ రాడని మనం నీళ్లు పోయడం మానుతామా? వాడు పోతాడు గనుకనే చలివేంద్రం పెట్టాము. ఉండిపోయేవాడికైతే వాడి ఇంట్లోనే కుండ ఉంటుంది.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాము. మనం ఉంటున్న ఈ ఇళ్లు, ఈ హాలు, మన పిల్లలు చదివే బళ్లు, వీటి గోడలన్నీ ఎవరో వలస వచ్చిన ఆడమనిషి తట్టలతో మోసినవే. ఆమె మోస్తున్నంత సేపూ కింద ఇసుక కుప్ప మీద ఒక బిడ్డ ఆడుకుంటూనో, ఏడుస్తూనో ఉన్నది. గోడ మనకు మిగిలింది. బిడ్డ ఎక్కడికి పోయిందో మనకు తెలియదు.

ఈ సంచిక మీ చేతికి వచ్చే నాటికి మన సీతమ్మధారలో ఏదో ఒక సందులో కొత్త పునాది తవ్వుతూనే ఉంటారు. అటు పోతున్నప్పుడు ఒక్క నిమిషం ఆగండి. ఇసుక కుప్ప మీద ఎవరున్నారో చూడండి. పేరు అడగండి. అడిగిన పేరు జేబులో ఉన్న కాగితం మీద రాసుకుని మాకు పంపండి. మేము ఆనాడు రాసుకోలేదు. ఆ తప్పు మళ్లీ చేయకుండా చూడవలసిన బాధ్యత మా ఒక్కరిదే కాదు, మనందరిదీ.

 ఈ నాలుగు తీర్మానాల మీద మీ అభిప్రాయం చెప్పవలసిందిగా సభను కోరుతూ సెలవు తీసుకుంటున్నాము. ఖుదా హాఫిజ్.